సున్నకు చేరువలో

థైరాయిడ్ పరీక్ష చేయించుకొన్నవారి చేతికి వచ్చెడు కాగితముమీద ఒక్కొక్కప్పుడు అంకెకు ముందు కోణాకారపు గుర్తొకటి కనబడును, ‘టి.ఎస్.హెచ్. 0.01 కంటె తక్కువ’ అని దాని యర్థము. చదువువారు సాధారణముగా అంకెను చూతురు గాని గుర్తును పట్టించుకొనరు. నిజమునకు ఆ కాగితమునందలి విశేషమంతయు ఆ గుర్తులోనే యున్నది. ఇంతవరకు మాకు కనబడుచున్నది, ఇంతకు దిగువ నేమున్నదో మాకు గోచరింపదు అని ప్రయోగశాల తన చూపుమేరను తానే యొప్పుకొని వ్రాసియిచ్చిన మాట అది. ఏబది యేండ్ల క్రిందట ఈ టి.ఎస్.హెచ్. అను హార్మోనునే కొలిచిన ప్రయోగశాల అదే స్థలమున ‘1 కంటె తక్కువ’ అని వ్రాసి ఊరకుండెడిది. ఒకటినుండి నూరవవంతునకు ఆ చూపు దిగివచ్చుటకు ఎందఱో శాస్త్రజ్ఞులు, వారి వెనుక పేరైనను తెలియని ప్రయోగశాలా సహాయకులు పడిన పాటు ఎఱిగినవాడను గనుక, ఆ చిన్న గుర్తును చూచినపుడెల్ల నాకు గౌరవము కలుగుచుండును.

రక్తము చూచువానికి ఎఱ్ఱని ద్రవము. కొలువబూనినవానికి కిక్కిరిసిన తిరునాళ్ల. కణములను వేఱుచేసి తీసిన ప్లాస్మా ఒక లీటరునందు సుమారు 70 గ్రాముల మాంసకృత్తు లుండును. గుండెకండరము దెబ్బతిన్నపుడు రక్తములోనికి జాఱెడు ట్రోపోనిన్-టి అనుదానిని కొలుచు నేటి పరీక్షలో లీటరునకు 14 నానోగ్రాములు ఆరోగ్యవంతుల మేరగా నిర్ణయించినారు. అనగా ఒక గ్రామును నూరుకోట్ల భాగములు చేసినచో అందులో 14 భాగములు. లెక్క వేసిచూచిన, ఒక గ్రాము ట్రోపోనిన్‌కు 500 కోట్ల గ్రాముల ఇతర మాంసకృత్తులు చుట్టునుండును. ఈ యంకె మనసునకు పట్టునది కాదు. కావున ధాన్యపు గిడ్డంగి నొకదానిని ఊహింతము: వడ్లగింజ యొకటి 20 మిల్లీగ్రాములు తూగుననుకొన్నచో, నూరేసి కిలోల బస్తాలు వేయి పేర్చిన గిడ్డంగిలో మనకు కావలసిన గింజ ఒక్కటి. దానిని వెదకి పట్టుకొన్నంత మాత్రమున పని తీఱదు; అటువంటివి రెండున్నవా, మూడున్నవా అనికూడ నిశ్చయముగా చెప్పవలెను. పైగా గిడ్డంగిలోని తక్కిన గింజలు అనేకము దానినే పోలియుండును.

బరువు తూచుట, రంగు తెప్పించుట మొదలైన రసాయనశాస్త్రపు పాత పనిముట్లకు ఇది అలవిగాని పని. ఆ గింజను గుర్తింపగల చేయి ప్రకృతియందే యున్నది. పరాయి మాంసకృత్తు శరీరమున ప్రవేశించినపుడు దానిని మాత్రమే పట్టుకొనుటకు దేహము తయారుచేసెడు ప్రతిరక్షకము, అనగా మనము వాడుకలో యాంటీబాడీ అనునది, ఆ చేయి. తాళమునకు చెవి కుదిరినట్లు అది తన లక్ష్యమునకు కుదురును. ఈ చేతిని కొలబద్దగా వాడుకొనవచ్చునన్న యూహ కలుగుట మాత్రము ఒక విధముగా యాదృచ్ఛికము.

న్యూయార్కు నగరమున బ్రాంక్స్ భాగమునందలి వెటరన్స్ ఆసుపత్రిలో, ఊడ్చువాని సామానుగదిని ప్రయోగశాలగా మార్చుకొని రోజలిన్ యాలో అను భౌతికశాస్త్రజ్ఞురాలు 1947లో పని మొదలుపెట్టెను. 1950లో సాలమన్ బెర్సన్ అను వైద్యుడు ఆమెతో చేరెను. వారిద్దఱు ఇన్సులిన్‌కు రేడియోధార్మిక అయొడిన్ తగిలించి మనుష్యులకు సూదిమందుగా నిచ్చి, అది రక్తమునుండి ఎంతసేపటికి తొలగిపోవునో చూచుచుండిరి. పూర్వము ఇన్సులిన్ వాడని వారి రక్తమునుండి అది త్వరగా తొలగిపోయెను. వాడుచున్నవారి రక్తమున నిలిచియుండెను. ఆ కాలపు ఇన్సులిన్ పశువులనుండి, పందులనుండి తీసినది గనుక, దానికి విరుద్ధముగా రోగి దేహమున ప్రతిరక్షకములు పుట్టి దానిని పట్టి యుంచుచున్నవని వారు గ్రహించిరి. ఇన్సులిన్ వంటి చిన్న అణువునకు ప్రతిరక్షకములు పుట్టవని నాటి పండితుల విశ్వాసము. వ్యాసమును మొదట పంపిన పత్రిక తిరస్కరించెను. రెండవ పత్రికయు మొదట తిరస్కరించి, ప్రతిరక్షకమన్న మాటను శీర్షికనుండి తీసివేసిన పిమ్మటనే 1956లో ప్రకటించెను. ఈ రెండవ పత్రిక పంపిన తిరస్కారపు లేఖను యాలో భద్రముగా దాచుకొని, ఇరువదియొక్క యేండ్ల తరువాత నోబెల్ ఉపన్యాసమున లోకమునకు చూపెను.

పట్టియుంచు ప్రతిరక్షకముతోనే ఇన్సులిన్‌ను కొలువవచ్చునని వారికి తోచిన యుపాయము ఇట్టిది. పెండ్లిపందిటిలో పఱచిన విస్తళ్లు ఇన్ని యని నిర్ణీతమై యుండగా, బొట్టు పెట్టుకొన్న బంధువులు కొందఱు, బొట్టు లేని బంధువులు కొందఱు ఒకేసారి వచ్చి కూర్చుందురనుకొనుడు. బొట్టున్నవా రెందఱో మనకు ముందే తెలియును. బొట్టు లేనివారు ఎక్కువమంది వచ్చినకొలది, బొట్టున్నవారు విస్తరి దొరకక నిలిచిపోవుదురు. కూర్చున్న బొట్లను లెక్కించినచో, బొట్టు లేనివా రెందఱు వచ్చిరో చెప్పవచ్చును. విస్తళ్లు గినీపందులనుండి సంపాదించిన ప్రతిరక్షకములు. బొట్టు రేడియోధార్మిక అయొడిన్. బొట్టు లేనివారు రోగి రక్తములోని సహజమైన ఇన్సులిన్. 1960 నాటికి ఈ పద్ధతిలో మానవరక్తమునందలి ఇన్సులిన్‌ను వారు కొలిచి చూపిరి. పెద్దవయస్సున మధుమేహము వచ్చిన వారిలో అనేకులకు ఇన్సులిన్ లోపము లేదనియు, ఉన్న ఇన్సులిన్ సరిగా పనిచేయకుండుటయే చిక్కనియు తొలిసారి అంకెలతో తేలినది అప్పుడే. ఈ పద్ధతికి రేడియో ఇమ్యునోఅస్సే యని పేరు వచ్చెను. వారు పేటెంటు తీసికొనక, నేర్చుకొనవచ్చిన వారికందఱికిని నేర్పిరి. బెర్సన్ 1972లో మరణించెను. 1977లో నోబెల్ బహుమానము యాలోను వరించినపుడు ఆయన లేడు.

మన దేశమున భాభా అణుపరిశోధనా కేంద్రపు కృషివలన థైరాయిడ్ హార్మోనుల రేడియో ఇమ్యునోఅస్సే కిట్లు బొంబాయినుండి ఆసుపత్రులకు వచ్చుచుండెడివి. వానిలోని అయొడిన్-125 అరువది దినములలో సగమగును గనుక, పెట్టె వచ్చిన దినమునుండి తేదీలు లెక్క పెట్టుకొనుచు, రోగుల నమూనాలను కూడబెట్టి ఒక్కమాఱు పరీక్షించుట ఆనాటి ఆచారము.

ఆ అయొడిన్‌లోనే యొక పరిమితి యుండెను. రేడియోధార్మిక పరమాణువు తన ఉనికిని చాటునది విచ్ఛిత్తి పొందిన క్షణమున మాత్రమే. అరువది దినముల అర్ధాయువు గల అయొడిన్‌లో సుమారు 75 లక్షల పరమాణువులు ఉన్నచో, సెకనునకు విచ్ఛిత్తి పొందునది ఒక్కటి. తక్కినవన్నియు మౌనముగా కూర్చుండును. అనగా లక్షలకొలది బొట్లున్నను మన కంటికి కనబడునది ఒక్కటి. బొట్టును మార్చినగాని చూపు పెరుగదని గ్రహించుటకు ఎక్కువకాలము పట్టలేదు.

కాని బొట్టుకంటె పెద్ద చిక్కు పరీక్ష యొక్క నిర్మాణమునందే యుండెను. పోటీపద్ధతిలో రోగి రక్తమున హార్మోను బొత్తిగా లేనిచో బొట్లు నిండుగా నుండును. కొంచెము ఉన్నచో ఆ నిండులో కొంచెము తగ్గును. నిండుచెఱువులోనుండి చెంబెడు నీరు ముంచినారో లేదో గట్టుమీద నిలుచుండి చెప్పుట వంటిది ఇది. దీనిని తలక్రిందులు చేయవచ్చునని 1968లో కేంబ్రిడ్జిలో మైల్స్, హేల్స్ అను నిరువురు చూపిరి. గుర్తును హార్మోనునకు గాక ప్రతిరక్షకమునకే తగిలించి, దానిని కావలసినదానికంటె అధికముగా పోసినచో, ఉన్న ప్రతి హార్మోను అణువును ఒక గుర్తు వచ్చి పట్టుకొనును. ఆ తరువాత మూడు నాలుగేండ్లలోనే, ఒక ప్రతిరక్షకమును గొట్టపు గోడకు అంటించి, అది పట్టిన అణువును పైనుండి గుర్తుగల రెండవ ప్రతిరక్షకముతో పట్టించు పద్ధతి వచ్చెను. దీనినే సాండ్‌విచ్ పద్ధతి యందురు. ఇందు హార్మోను లేనిచో గుర్తు లేదు; కొంచెమున్నచో కొంచెము గుర్తు. నిండుచెఱువు పోయి, ఎండిన గచ్చు వచ్చినది. ఎండిన గచ్చుమీద ఒక్క చినుకు పడినను మచ్చ కనబడును గదా! రెండు చేతులును ఒకే అణువును రెండుచోట్ల పట్టవలెను గనుక, ఒకదానిని పోలిన మఱియొకదానిని చూచి మోసపోవు ప్రమాదమును చాల తగ్గెను. అయితే రెండు చేతులకును చోటు చాలనంత చిన్నవైన థైరాక్సిన్, కార్టిసాల్ వంటి హార్మోనులకు నేటికిని పోటీపద్ధతియే శరణ్యము.

ఇచ్చట పాఠకులు ఒక వివాదమును తెలిసికొనవలెను. నా మట్టుకు ఈ చరిత్రలో ఇదియే అన్నిటికంటె విలువైన భాగము. పరీక్ష సూక్ష్మమైనదనగా నేమి? హార్మోను కొంచెము పెరిగినపుడు సంకేతము ఎంత నిటారుగా మారునో అదియే సూక్ష్మత యని యాలో, బెర్సన్‌ల వాదము. లండను నగరమున మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో స్వతంత్రముగా థైరాక్సిన్ కొలుచుటకు ఇట్టి పద్ధతినే కనిపెట్టిన రోజర్ ఎకిన్స్ అది కాదనెను. హార్మోను ఏమియు లేని నమూనాను పదిమాఱులు కొలిచినచో ఆ పది సున్నలు ఒకదానితో నొకటి ఎంత యేకీభవించునో చూడుమనియు, సూక్ష్మత యనునది ఆ నిలుకడయేననియు ఆయన పట్టుపట్టెను. కంసాలి త్రాసు విషయమున మనవారికిది తెలిసినదే: ముల్లు ఎంత దూరము ఊగుననునది ముఖ్యము కాదు, పళ్లెములు ఖాళీగా నున్నపుడు ముల్లు కదలక నిలుచునా యనునదే ముఖ్యము, అందుకే గురిగింజయెత్తు బంగారము తూచువేళ అతడు పంకా ఆపించును. తుదకు శాస్త్రలోకము ఎకిన్స్ మాటనే అంగీకరించెను. సంకేతమును బిగ్గరగా చేయుటకంటె సున్నను నిశ్శబ్దము చేయుటయే కష్టమైన పని యనియు, ఫలితమిచ్చునదియు అదియే యనియు ఆనాడు స్థిరపడెను.

సున్న అనగానేమో నాకు తెలిసినది పుస్తకములో కాదు. నా మొదటి యుద్యోగము ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో. అచ్చట పరీక్షలు చేయు ప్లాస్టిక్ పలక అరచేతికంటె కొంచెము పెద్దది. అందు వరుసకు పండ్రెండు చొప్పున ఎనిమిది వరుసలలో 96 గుంటలు. మాంసకృత్తులకు ఆ ప్లాస్టిక్ అనిన మహాప్రీతి, అంటుకొన్నచో ఊడవు. ప్రతిరక్షకమును గుంటకు అంటించుటకు ఆ గుణమే ఆధారము, ఆ గుణమే శత్రువు, ఏలయనగా తరువాత పోసెడు గుర్తుగల ప్రతిరక్షకము కూడ హార్మోనుతో పనిలేకయే గోడకు అంటుకొనజూచును. కావున మిగిలిన గోడనంతయు ముందుగా ఏ ప్రమేయమును లేని మాంసకృత్తుతో నింపివేయుదురు. కొన్ని ప్రయోగశాలలలో అందులకు వాడునది మామూలు పాలపొడి. ఆ పిమ్మట కడుగుట. ట్వీన్ అను సబ్బువంటి పదార్థమును లేశముగా కలిపిన ఉప్పునీటితో గుంటలను నింపుట, వంచుట, మరల నింపుట, మరల వంచుట, చివరకు పలకను బోర్లించి మెత్తని కాగితముమీద టపటప కొట్టుట. చూచువానికి గిన్నెలు తోమినట్లే కనబడును. పరీక్ష యొక్క చూపంతయు ఆ కడుగుటలో నున్నది.

అచ్చటి పెద్ద టెక్నీషియన్ రోగుల అంకెలు మొదట అడిగెడివాడు కాడు. పలక చేతికి తీసికొనగానే “ముందు సున్న చూపించు బాబూ” అనెడివాడు. మొదటి వరుస మొదటి గుంట సున్న. అందు హార్మోను లేని ద్రవమే పోయుదుము గనుక, రంగుమందు వేసిన తరువాతను అది తెల్లగా నుండవలెను. ఒకనాడు అది నీలమయ్యెను. “సున్న నీలమైందండి” అంటిని. ఆయన కోపింపలేదు. కడుగుయంత్రపు తలను విప్పి, ఎనిమిది సూదులను కిటికీ వెలుతురునకు ఎత్తిపట్టి ఒక్కొక్కదాని గుండ చూచెను. మొదటి సూది ఉప్పు పేరుకొని సగము పూడిపోయినది. ఆ సూది కడిగెడు మొదటి వరుస పండ్రెండు గుంటలును సరిగా కడుగబడలేదు. సన్నని తీగతో ఉప్పును పొడిచి తీయుచు, “ఈ వరుసలో ఉన్నవాళ్లందరికీ లేని జబ్బు రాసిచ్చేవాళ్లం” అని మాత్రమనెను. ఆ దినము పలక మొత్తము మరల చేసితిమి. ఇంటికి చేరునప్పటికి రాత్రి తొమ్మిది దాటినది.

బొట్టు మార్పు సంగతికి వత్తము. 1971లో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయమున ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్‌లును, నెదర్లాండ్స్‌లోని ఆర్గనాన్ సంస్థలో వాన్ వీమెన్, షూర్స్‌లును, పరస్పరము తెలియకయే, అయొడిన్ స్థానమున ఎంజైమును గుర్తుగా తగిలించిరి. ఎలీసా యని నేడు ప్రతి పట్టణమునను వినబడుచున్న పేరు అప్పటిదే. ఒక్క ఎంజైము అణువు నిమిషమునకు వేలకొలది రంగు అణువులను పుట్టింపగలదు. మౌనముగా కూర్చుండు అయొడిన్‌తో పోల్చిన ఇది తానే కేకలు వేయు బొట్టు. 1980ల ఆరంభమున కార్డిఫ్‌లో అక్రిడినియమ్ ఎస్టరు అను పదార్థమును గుర్తుగా తగిలించిరి. దానికి మందు తగులగానే కొద్ది సెకనులలో తన వెలుగునంతను ఒక్కమాఱు వెలిగక్కును. నేడు పెద్ద ప్రయోగశాలలలో రక్తము పెట్టిన అరగంటలోపల ఫలితమిచ్చు యంత్రములలో అనేకము ఇట్టి రసాయనికమైన వెలుగును లెక్కించునవే.

ఫిన్లండు దేశమున తుర్కు నగరమువారు కనిపెట్టిన ఉపాయము మాత్రము నాకు మిక్కిలి యిష్టమైనది, ఏలయన అది గుర్తును పెంచుటకంటె సున్నను అణచుటనే యాశ్రయించినది. కాంతి పడినపుడు తామును మెఱయు పదార్థములను గుర్తుగా వాడవచ్చును. కాని రక్తద్రవము, ప్లాస్టిక్ గుంట కూడ కొంచెముగా మెఱయుటచేత నిజమైన గుర్తు ఆ సందడిలో కలిసిపోవును. వారు యూరోపియమ్ అను అరుదైన లోహమును ఎన్నుకొనిరి. ఇతర పదార్థముల మెఱుపు సెకనులో నూరుకోట్లవ వంతు లెక్కను చల్లారిపోవుచుండగా, యూరోపియమ్ వెలుగు దానికంటె లక్షల రెట్లు ఎక్కువసేపు నిలుచును. కావున దీపమును ఒక్కమాఱు తళుక్కుమనిపించి, వెంటనే లెక్కింపక, సెకనులో పదివేల వంతులలో నాలుగు వంతుల కాలము ఊరకుండి, అటుపిమ్మట కన్ను తెఱతురు. గుడిలో జనుల కోలాహలము సద్దుమణిగిన తరువాతను గంట మ్రోత గాలిలో నిలిచియున్నట్లు, అప్పటికి మిగిలియున్నది యూరోపియమ్ వెలుగొక్కటే.

ప్రతిరక్షకమును కూడ మార్చిరి. గినీపంది సీరమునందు మంచి చేతులు, చెడ్డ చేతులు కలిసియుండును. ఆ జంతువు చచ్చినచో అట్టి సీరము మరల దొరకదు. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టెయిన్‌లు ప్రతిరక్షకమును తయారుచేయు కణమును చావెఱుగని కాన్సరు కణముతో కలిపి, ఒకే విధమైన ప్రతిరక్షకమును ఎంతకాలమైనను ఇచ్చు కణవంశములను సృష్టించిరి. వేలకొలది వంశములనుండి గట్టిగా పట్టి తేలికగా విడువని చేతులను ఏరుకొనుట అప్పటినుండి సాధ్యమయ్యెను.

ఈ శ్రమకు ఫలము మొదట దక్కినది థైరాయిడ్ రోగులకు. మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథినుండి వచ్చెడు టి.ఎస్.హెచ్. థైరాయిడ్‌ను అదిలించు హార్మోను. థైరాయిడ్ అతిగా పనిచేయుచున్నచో ఇది అణగిపోవును. ఆ అణగుటయు సామాన్యము కాదు, రక్తమున థైరాక్సిన్ రెండురెట్లయినచో టి.ఎస్.హెచ్. ఇంచుమించు నూరవవంతునకు దిగును. ఆరోగ్యవంతులలో ఇది లీటరునకు సుమారు 0.4 నుండి 4 మిల్లీయూనిట్లు. తొలితరపు పరీక్షకు 1కి దిగువ చూపులేదు. కావున ఆరోగ్యవంతుని 0.5, రోగి యొక్క 0.02 దానికి ఒక్కటే. చేయునది లేక వైద్యులు టి.ఆర్.హెచ్. అను హార్మోనును నరమునకెక్కించి, అరగంట నిలిపి, మరల రక్తము తీసి, పిట్యూటరీ పలుకునా పలుకదా యని చూచెడివారు. సాండ్‌విచ్ పద్ధతి వచ్చి చూపు 0.1కి, పిమ్మట 0.01కి దిగినపుడు ఆ సూది, ఆ నిరీక్షణ అనవసరమైపోయినవి. సున్నకు చేరువలో రెండు అల్పములను వేఱుచేసి చూపుటలో వైద్యమంతయు ఇమిడియున్నదని ఇంతకంటె స్పష్టముగా తెలుపు ఉదాహరణము నాకు తెలియదు.

ట్రోపోనిన్ కథ వేఱొక దారి. 1989లో జర్మనీలో హ్యూగో కాటుస్ బృందమువారు దీనికి పరీక్షను ప్రకటించిరి. మొదటి పరీక్షలు గుండెపోటులో ట్రోపోనిన్ బాగుగా పెరిగిన తరువాతనే చూపగలిగెడివి గనుక, ఛాతీనొప్పితో వచ్చినవానిని ఆరు గంటలో, పండ్రెండు గంటలో పడకమీద నుంచి మరల మరల పరీక్షింపవలసివచ్చెడిది. నేటి అతిసూక్ష్మ పరీక్షకు నియమము కఠినమైనది: ఆరోగ్యవంతులు నూర్గురిలో తొంబదితొమ్మండుగురు ఏ అంకెకు లోపల నుందురో ఆ అంకెవద్ద పరీక్ష నూటికి పదికి మించి తడబడరాదు, ఆరోగ్యవంతులలో సగముమందికైనను కొలువదగిన అంకె రావలెను. ఇట్టి పరీక్షయున్నచోట, వచ్చినవెంటనే ఒకమాఱు, గంట తరువాత మఱియొకమాఱు కొలిచి అనేకుల విషయమున నిశ్చయమునకు రావచ్చునని ఐరోపా హృద్రోగ వైద్యుల సంఘము 2015లో సూచించెను. ఇందులో కొత్త కష్టమును లేకపోలేదు. మూత్రపిండముల వ్యాధి, తీవ్రమైన సూక్ష్మజీవి సోకు, దూరపు పరుగుపందెము కూడ ట్రోపోనిన్‌ను కొంచెము పెంచును. చూడనేరని కాలమున ఈ అల్పములు బాధింపలేదు. ఇప్పుడు అవి కనబడుచున్నవి గనుక, ఒక్క అంకెను గాక రెండంకెల మధ్య మార్పును చూచి తీర్పు చెప్పుట వైద్యులు నేర్చుకొనవలసివచ్చినది.

అణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టు కాలము కూడ వచ్చినది. ఒక్క ఎంజైము అణువు పుట్టించిన వెలుగు మామూలు గుంటలో, సముద్రమున కలిపిన పసుపువలె, పలచబడిపోవును. బోస్టను చేరువనున్న టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు డేవిడ్ వాల్ట్, ఆయన సహచరులు 2010లో ప్రకటించిన పద్ధతిలో గుంటయే ఎంతో చిన్నది: మామూలు గుంటలో పోయు నూరు మైక్రోలీటర్లను 200 కోట్ల భాగములు చేసిన అందొక భాగము పట్టునంత. కంటికి కనబడని పూసలమీద సాండ్‌విచ్ కట్టి, పూసల సంఖ్యను అణువులకంటె ఎక్కువచేసి, ఒక్కొక్క పూసను ఒక్కొక్క గుంటలో మూయుదురు. ఎంజైమున్న గుంట వెలుగును, లేనిది చీకటిగా నుండును. వెలుగు ఎంతయని అడుగనక్కరలేదు, వెలిగినవి ఎన్నియని లెక్కించిన చాలును. కార్తికమాసపు కోనేటిలో దీపములను లెక్కించుట వంటి పని యిది. మెదడునుండి రక్తములోనికి లేశముగా జాఱెడు మాంసకృత్తులను ఇట్టి పరీక్షలు కొలుచుచున్నవి. అల్జైమర్ వ్యాధి నిర్ధారణకు తోడ్పడు రక్తపరీక్ష యొకటి, వేఱొక యంత్రముమీద చేయునది, 2025 మే నెలలో అమెరికా ప్రభుత్వపు అనుమతి పొందెను. అంతకుముందు దీనికై తఱచుగా వెన్నునుండి నీరు తీయవలసివచ్చెడిది.

చూపు ఎంత పదునెక్కినను మోసపోవుటకు దారులున్నవి. అనేక యంత్రములలో ప్రతిరక్షకమును గోడకు కట్టివేయు ముడి బయోటిన్, స్ట్రెప్టావిడిన్‌ల మధ్యనుండు బంధము. ప్రకృతియందు అంతకంటె గట్టి పట్టు అరుదు. జుట్టు రాలకుండుటకని అంగళ్లలో అమ్మెడు మాత్రలలో నుండునదియు ఆ బయోటినే. దేహమునకు దినమునకు కావలసినది సుమారు 30 మైక్రోగ్రాములు కాగా, మాత్రలో దానికి వందలరెట్లు ఉండవచ్చును. ఆ బయోటిన్ రక్తమునుండి గొట్టములోనికి వచ్చి ముడికి అడ్డుపడినచో, సాండ్‌విచ్ పరీక్ష లేని తక్కువను, పోటీపరీక్ష లేని ఎక్కువను చూపును. ఆరోగ్యముగా నున్న స్త్రీ కాగితముమీద థైరాయిడ్ రోగి యగును. ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపబడిన రోగి యొకరు మరణించిన సంగతిని 2017లో అమెరికా ఔషధ పాలనాసంస్థ హెచ్చరికగా ప్రకటించెను. కావున రక్తమిచ్చువేళ వాడుచున్న మాత్రల పేర్లన్నియు, అవి అందమునకు వాడునవైనను, చెప్పుట మఱవరాదు.

మా వీథిలో ఒక ఉపాధ్యాయురాలున్నది. కొన్ని యేండ్ల క్రిందట కాన్సరు వచ్చి ఆమె థైరాయిడ్ గ్రంథిని తీసివేసిరి. ఆ గ్రంథియే తయారుచేసెడు థైరోగ్లోబ్యులిన్ అను మాంసకృత్తు గ్రంథి లేనివారి రక్తమున ఉండరాదు. ఉన్నచో వ్యాధి యెక్కడనో మిగిలినదని అనుమానము. పాత పరీక్షకు దాని లేశము కనబడదు గనుక, మిగిలిన కణములేవైన నుండిన వానిని అదిలించి పలికించుటకు, పరీక్షకు ముందు నాలుగు వారములు థైరాక్సిన్ మాత్ర ఆపించెడివారు. ఆ నాలుగు వారములు ఆమె ముఖము ఉబ్బును, గొంతు బొంగురుపోవును, ఎండలో గూడ శాలువ కప్పుకొనును, నల్లబల్లమీద వ్రాయుచు వ్రాయుచు మాట మఱచి నిలిచిపోవును; బడికి సెలవు పెట్టక తప్పెడిది కాదు. లీటరునకు కాక మిల్లీలీటరునకు ఒక నానోగ్రాములో పదవ వంతును పట్టగల పరీక్షలు వచ్చిన తరువాత, ఆమెవలె వ్యాధి తిరిగివచ్చు భయము తక్కువైన వారికి ఆ ఆపుట అనవసరమని వైద్యులు చెప్పుచున్నారు. మొన్న ఉదయమున ఆమె కనబడి, “ఈసారి మాత్ర ఆపక్కర్లేదన్నారండి” అని చెప్పెను. రక్తమిచ్చిన చోట అంటించిన దూదిని చీరకొంగుతో అదుముకొనుచు, మొదటి గంట కొట్టువేళకు బడికి పోవుచున్నది.